రెండు కళ్ళ లెక్క

గోందర్‌లో వానలు మొదలై మూడో వారం.
బడి గ్రంథాలయం రేకుల మీద వడగళ్ళు.
బల్ల మీద రెండు కిలోల క్రైస్తవ చరిత్ర,
రంగుల బొమ్మలతో, సామాన్య పాఠకులకట.
కొనాలా వద్దా
ముగ్గురం కలిసి తేల్చాలి.

ఫారంలో నాలుగు గళ్ళు:
నిజం, భాష, బొమ్మలు, ధర.
ఇరవై రెండేళ్ళుగా భూగోళం చెబుతున్నదాన్ని,
ఖాళీ గడి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు.

డీకన్ మెర్షా విషయసూచిక పట్టుకున్నాడు.
రైలు పట్టికలో తన ఊరు వెతుక్కునేవాడిలా
వేలు పెట్టి దిగాడు, దిగాడు,
రెండువందల పన్నెండో పేజీలో ఆగాడు.
"ఇదిగో మనం. అరపేజీ.
ఒక రాతిగుడి ఫొటో, నాలుగు వాక్యాలు.
పదహారు వందల ఏళ్ళకి ఈ కంటితుడుపు!"
రోముకు డెబ్బై పేజీలని లెక్కపెట్టాడు.
నేను సరిచూశాను. డెబ్బై మూడు.

అయినా మెర్షా న్యాయం తప్పని మనిషి.
క్రీస్తుది ఒక స్వభావమా రెండా అన్న పాత తగువుని
పదో తరగతి పిల్లకి అర్థమయ్యేట్టు రాశారని,
మనల్ని దొంగల్లా నిలబెట్టలేదని
ఒప్పుకున్నాడు, కాస్త కష్టంగా.
భాష: ఎనిమిది.

అలెకా ఎంగిదాకు ఆ లిపి రాదు.
గుడిగోడలకు అంటించే గుడ్డ మీద
నలభై ఏళ్ళు దేవదూతల్ని దిద్దినవాడు.
ఆయన దగ్గర ఒకటే కొలత.
మంచివాడికి నిండు ముఖం, రెండు కళ్ళు.
చెడ్డవాడికి పక్కముఖం, ఒకటే కన్ను,
వాడి చూపు మొక్కేవాళ్ళ మీద పడకుండా.

పేజీ తిప్పాడు. చక్రవర్తికి రెండు కళ్ళు.
తిప్పాడు. జెరూసలేం గోడలెక్కుతున్న
కత్తులవాళ్ళందరికీ రెండేసి.
గోడ కింద పడి ఉన్నవాళ్ళకు
ముఖాలే లేవు.
తిప్పాడు. తెరచాప మీద శిలువ,
ఓడ అడుగున గొలుసులు,
నిండు ముఖంతో నవ్వుతున్న కెప్టెన్.
"పుస్తకమంతా ఒకే చెయ్యి," అన్నాడు.
"ఈ చేతికి గురువు లేడా?"

బొమ్మలు: ఆరు అని రాశాను.
కొట్టేసి నాలుగు వేశాను.

జెనెబెచ్ మూల కూర్చుని కాఫీగింజలు వేయిస్తోంది.
పెనం పొగని మా ముఖాల వైపు విసిరి అడిగింది:
"సామాన్యులకని మీరే అన్నారుగా,
మరి నాకు చూపించరా?"

మేం ముగ్గురం ఎటెటో చూశాం.

చేతులు తుడుచుకుని వచ్చింది.
పుస్తకాన్ని నుదుటికి తాకించి ముద్దుపెట్టుకుంది,
లోపలేముందో చూడకముందే.
ఎక్కడ తెరుచుకుందో అక్కడే ఉండిపోయింది.
బిషప్పుల మహాసభ.
మూడువందల పద్దెనిమిది మందని మా లెక్క,
బొమ్మలో నలభైకి మించి పట్టలేదు.
ఆమె వేలు వాళ్ళలో ఎవరి మీదా ఆగలేదు.
పేజీ అంచున, బైండింగు మడతలో సగం నలిగి
కూజాతో నిలబడ్డ కుర్రాడి దగ్గర ఆగింది.
"వీడెవరు?"

మెర్షా బొమ్మ కింది వాక్యం చదివాడు.
పై పేరా చదివాడు.
వెనక పేర్ల పట్టికంతా తిరిగొచ్చాడు.
"రాయలేదు."

"అన్ని రోజుల తగువుకి నీళ్ళు మోసింది వీడేగా,"
అని పొయ్యి దగ్గరికి పరిగెత్తింది.
గింజలు మాడుతున్నాయి.

అలెకా అద్దాలు తుడుచుకుని వంగాడు.
మడతని బొటనవేలితో నెమ్మదిగా నొక్కి
చాలాసేపు చూశాడు.
"రెండు కళ్ళు పెట్టాడమ్మా.
వెంట్రుకంత కుంచె.
రెప్పల నీడ కూడా వేశాడు.
ఎవరూ చూడని చోట ఇంత పని..."
వాక్యం అక్కడే వదిలేసి, కాసేపాగి,
"గురువున్నాడు వీడికి," అన్నాడు.

నాలుగు కొట్టేశాను.
ఆ గడిలో ఇంకో అంకెకి చోటు లేదు.

మూడో గిన్నె కాఫీ వచ్చేసరికి
వడగళ్ళు ఆగాయి.
కాస్త మాడు వాసన, అయినా తాగాం.
ఫారం అడుగున, సంతకాల పక్కన రాశాను:

కొనవచ్చు.
అరపేజీ గురించి మెర్షా విడిగా ఉత్తరం రాస్తాడు.
కూజా కుర్రాడి పేరు తెలిస్తే
దయచేసి మాకు తెలపండి,
మా జెనెబెచ్ అడుగుతోంది.